గాలి చక్రము – జాన్ బాయిడ్ డన్లప్

గోలేటి తెలంగాణ రాష్ట్రమునందు కొమరం భీం ఆసిఫాబాదు జిల్లాలోని బొగ్గు గనుల ఊరు. సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ప్రాంత కార్యాలయము ఇచ్చటనే యున్నది. బొగ్గు ప్రాంతపు ఓపెన్ కాస్టు గనులలో మట్టిని, బొగ్గును మోయు డంపర్లను తొలిసారి చూచిన బాలురు వాని చక్రములను చూచి అచ్చెరువందుదురు. పెద్ద డంపరు చక్రము నిలుచున్న మనిషి తలను మించి ఎత్తుగా నుండును. డ్యూటీ ముగించుకొని కార్మికుడు ఇల్లు చేరు స్కూటరు చక్రమో, మోకాలి ఎత్తయినను ఉండదు. ఇటీవల విద్యుత్తుతో నడచు కార్లును మన రోడ్లమీదికి వచ్చినవి.

ఈ మూడు వాహనములకును రూపమున పోలిక లేదు. బరువున పోలిక లేదు. నడపు శక్తియు ఒక్కటి కాదు. అయినను మూడును ఒకే వస్తువుమీద కూర్చుండి సాగుచున్నవి. ఆ వస్తువు ఇనుము కాదు, రబ్బరును కాదు. రబ్బరులో బంధింపబడిన గాలి. కంటికి కానరాని గాలిచేత ఇంత బరువు మోయించవచ్చునని లోకమునకు నిరూపించినవాడు ఇంజనీరు కాడు. గుఱ్ఱములకు, పశువులకు మందులిచ్చు వైద్యుడు. అతని పేరు జాన్ బాయిడ్ డన్లప్.

డన్లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమునందలి డ్రెగ్‌హార్న్ అను పల్లెలో ఒక సేద్యగాని ఇంట జన్మించెను. నెలలు నిండకమునుపే పుట్టిన బిడ్డ. తన శరీరము దుర్బలమైనదను తలంపు అతనిని జీవితాంతము విడువలేదు. అతడు నాగలి పట్టక చదువు త్రోవ పట్టెను. ఎడింబరో నగరమున పశువైద్యము నభ్యసించి, పందొమ్మిదవ యేటనే వైద్యుడుగా అర్హత పొందెను. కొన్ని సంవత్సరములు స్వదేశమున పనిచేసి, 1867లో సముద్రము దాటి ఐర్లండు చేరెను. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్ అను ఆమెను వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి. మొదట డౌన్‌పాట్రిక్ పట్టణమునను, పిదప బెల్‌ఫాస్ట్ నగరమునను అతడు వైద్యశాల నడపెను. 1885 ప్రాంతమునకు ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో అతనిది ఒకటి యని పేరు వచ్చెను.

ఆ కాలపు నగరములలో బండ్లను లాగునవి గుఱ్ఱములే. బెల్‌ఫాస్ట్ వీథులలో రాళ్లు పరచియుండెడివి. రాతి బాటపై ఇనుప పట్టా బిగించిన చక్రము దొర్లునపుడు ఎట్టి చప్పుడు పుట్టునో, ఎట్టి కుదుపు కలుగునో మన ఎడ్లబండి నెక్కినవారికి చెప్పనక్కరలేదు. రాయి తగిలినపుడు బండి అంతయు పైకి లేవవలెను. రాయి దాటగనే అంతయు క్రిందపడవలెను. ఆ దెబ్బ ఇరుసునకు, ఇరుసునుండి బండికి, బండినుండి మనిషి వెన్నెముకకు చేరును. అంతియే కాదు, బండిని పైకి లేపు శ్రమ అంతయు పశువే పడవలెను.

కుదుపును తగ్గించుటకు మానవుడు పూర్వమునుండి రెండు ఉపాయములు ఎరిగియుండెను. మొదటిది పెద్ద చక్రము. చిన్న చక్రము గుంటలోనికి పూర్తిగా దిగిపోవును. పెద్ద చక్రము అదే గుంట రెండు అంచులను ఆనుకొని, కొద్దిగా మాత్రము దిగి దాటిపోవును. మన పెద్దలు ఎడ్లబండికి ఎత్తయిన చక్రములు పెట్టుటలో ఈ ప్రయోజనము కలదు. రెండవది కమాను. ఉక్కుపట్టీలను వంచి, ఒకదానిపై నొకటి పేర్చి, ఇరుసునకును బండికిని నడుమ నుంచినచో అవి వంగి దెబ్బను తమలో ఇముడ్చుకొనును. ఇంగ్లండులో ఒబదయ్య ఎలియట్ అను బండ్ల తయారీదారు 1804లో ఇట్టి కమానులకు పేటెంటు పొందెను. ధనికుల కోచిబండ్లు వానిమీద ఊగుచు పోయెడివి. కాని కమాను ఇరుసునకు పైన నుండును. రాతి దెబ్బ మొదట చక్రమునకు తగిలిన తరువాతనే కమాను పని ఆరంభమగును. చక్రపు అంచుననే దెబ్బను ఆపు ఉపాయము నాటి బండ్లలో ఎచ్చటను కానరాలేదు.

సైకిలు వచ్చిన తరువాత ఈ చిక్కు మరింత పెరిగెను. మొదట ముందు చక్రము మనిషి ఛాతి ఎత్తు, వెనుక చక్రము మిక్కిలి చిన్నది గాగల సైకిళ్లు వాడుకలో నుండెడివి. పెద్ద చక్రము గతుకులను కొంత మరపించెడిది గాని పడినవారికి తల పగిలెడిది. 1885లో రెండు చక్రములును ఇంచుమించు సమానముగానున్న క్షేమకరమైన సైకిలు ఇంగ్లండున వెలువడెను. ప్రాణభయము తగ్గెను, కుదుపు మాత్రము హెచ్చెను. చక్రము చిన్నదగుటయే దానికి కారణము.

డన్లప్ కుమారుడు జానీకి తొమ్మిది పది యేండ్ల ప్రాయము. అతనికి ఒక మూడు చక్రముల సైకిలుండెను. దాని చక్రములకు చుట్టినది గట్టి రబ్బరు. రాతి బాటపై తొక్కునపుడు దేహమంతయు అదరుచున్నదని బాలుడు తండ్రికి మొరపెట్టుకొనెను. ఎందరో తండ్రులు ఇట్టి మొరను విని నవ్వి ఊరకుందురు. డన్లప్ ఊరకుండలేదు. పశువైద్యుడు నోరులేని జీవి బాధను దాని నడకనుబట్టి గ్రహింపవలెను. అట్టివానికి నోరున్న బిడ్డ బాధ చిన్నదిగా తోచలేదు.

వైద్యవృత్తిలో రబ్బరుతో పనిచేసిన అలవాటు డన్లప్‌నకు కలదు. 1887వ సంవత్సరము అక్టోబరు మాసమున అతడు ఒక కొయ్య పలకను గుండ్రముగా కోసి, పలుచని రబ్బరు రేకును గొట్టముగా అతికి, దానిని పలక అంచుచుట్టు పెట్టి, పైన నారబట్టను కప్పి మేకులతో బిగించెను. బంతిలో గాలి కొట్టు పంపుతో ఆ గొట్టమును నింపెను. పిమ్మట జానీ సైకిలునుండి ఒక చక్రమును ఊడదీసి, రెంటిని పెరటిలో దొర్లించి చూచెను. సైకిలు చక్రము పెరటి కొన చేరకయే ఆగి ఒరిగిపోయెను. గాలి చక్రమో, పెరడంతయు దాటి, ద్వారబంధమునకు తగిలి వెనుకకు ఎగిరెను.

ఈ చిన్న పరీక్షలో ఒక గొప్ప సత్యము వెల్లడియైనది. మెత్తని చక్రము సుఖమిచ్చును గాని వేగమును చంపునని అందరును తలంచుచుండిరి. గట్టిగా నున్నదే వేగముగా పోవునని వారి నమ్మకము. పెరటిలో జరిగినది దానికి విరుద్ధము. ఎందుకన, గట్టి చక్రము ప్రతి రాతికిని బండినంతను పైకెత్తును; ఎత్తిన శ్రమ తిరిగి చేతికి రాదు. గాలి చక్రము రాయి తగిలినచోట మాత్రము లోనికి నొక్కుకొని, రాయి దాటగనే మరల ఉబ్బును. ఇరుసు ఉన్న ఎత్తుననే సాగిపోవును. దేహమునకు సుఖమైనది, తొక్కువానికి తేలికయు అయ్యెను.

డన్లప్ సైకిలు వెనుక చక్రములు రెంటికిని గాలి టైర్లు చేసి తొడిగెను. 1888 ఫిబ్రవరి 28వ తేదీన జానీ దానినెక్కి తొక్కి చూచెను. పరీక్ష ఫలించెను. అదే సంవత్సరము డిసెంబరు 7వ తేదీన ఈ నిర్మాణమునకు డన్లప్ పేటెంటు పొందెను.

క్రొత్త వస్తువును లోకము మొదట నవ్వుతోనే ఎదుర్కొనును. 1889 మే 18వ తేదీన బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కళాశాల మైదానమున సైకిలు పందెములు జరిగెను. విలియం హ్యూమ్ అను యువకుడు గాలి టైర్ల సైకిలుతో బరిలోనికి వచ్చెను. ఉబ్బిన ఆ టైర్లను చూచి ప్రేక్షకులు పరిహసించిరి. పందెములు ముగియునప్పటికి పరిహాసము మాయమయ్యెను. అతడు పాల్గొన్న నాలుగు పందెములను తానే గెలిచెను. ఓడినవారిలో హార్వే డ్యూ క్రో అను వర్తకుని కుమారులు కూడ నుండిరి. ఆ తండ్రి ఓటమికి కోపింపక, గెలుపునకు కారణము వెదకెను. ఆ సంవత్సరమే డబ్లిన్ నగరమున గాలి టైర్ల వ్యాపార సంస్థను స్థాపించెను. డన్లప్ తన పేటెంటును ఆ సంస్థకు అప్పగించి, అందు భాగస్వామి యయ్యెను. మన ఇల్లెందు ప్రాంతమున సింగరేణి బొగ్గు ఉత్పత్తి మొదలైనదియు ఆ 1889వ సంవత్సరముననే.

ఇంతలో పిడుగువంటి వార్త వచ్చెను. 1890లో డన్లప్ పేటెంటు చెల్లదని అధికారులు తెలిపిరి. ఈ ఊహను అతనికంటె ముందే మరియొకరు పేటెంటు చేసియుండిరి. ఆయన పేరు రాబర్ట్ విలియం థామ్సన్. ఆయనయు స్కాట్లండు దేశీయుడే. 1822లో స్టోన్‌హేవన్ అను ఊర జన్మించెను. ఇరువదిమూడు ఏండ్ల ప్రాయమున, 1845లో, గాలి చక్రమునకు ఇంగ్లండులో పేటెంటు పొందెను. అప్పటికి డన్లప్ ఐదేండ్ల బాలుడు. 1847లో థామ్సన్ తన చక్రములను గుఱ్ఱపు బండ్లకు తొడిగి లండన్ ఉద్యానమున నడిపి చూపెను. తోలు కప్పిన ఆ చక్రములు మెత్తగా, చప్పుడు లేక సాగినవి.

మరి లోకము వానిని ఏల మరచెను? నాడు పలుచని మంచి రబ్బరు దొరకుట కష్టము, వెల అధికము. గాలి చక్రముతో ఎక్కువ ప్రయోజనము పొందగల సైకిలు గాని, మోటారు గాని ఇంకను పుట్టలేదు. థామ్సన్ పిదప దళసరి రబ్బరు చుట్టిన చక్రములతో ఆవిరి బండ్లను నిర్మించెను. 1870వ దశాబ్దపు ఆరంభమున అట్టివి నాటి భారతదేశమునందలి రావల్పిండి ప్రాంతపు బాటలపైనను నడచినవి. ఆయన 1873లో మరణించెను. గాలి చక్రము మాత్రము పేటెంటు కాగితములలో నిద్రించుచుండెను.

డన్లప్ థామ్సన్ పనిని చూచి చేసినవాడు కాడు. తనంతట తానే ఆ ఊహను చేరెను. కాని చట్టము ముందు ముందువాడే ముందువాడు. పేటెంటు పోయెను. సంస్థ మాత్రము కూలిపోలేదు. టైరును చక్రమునుండి సులభముగా ఊడదీసి, మరల తొడుగు క్రొత్త పద్ధతులను ఇతరులు కనుగొనగా, ఆ పేటెంట్లను కొని సంస్థ నిలబడెను. డన్లప్ మొదటి టైరును చక్రమునకు అతికించియే పెట్టెను. చిల్లుపడినచో విప్పుట పెద్ద పని. ఆ లోపమును తీర్చినవారు వేరు. ఒక వస్తువు లోకోపయోగము కావలెనన్న ఎందరి చేతులు పడవలెనో ఇందుచే తెలియును.

కొద్ది సంవత్సరములకే డన్లప్ సంస్థనుండి తప్పుకొనెను. 1896లో ఆ వ్యాపారము ముప్పది లక్షల పౌండ్లకు అమ్ముడుపోయెను; అట్టి సంపదలో అతనికి చెందినది స్వల్పము. అతని పేరు మాత్రము సంస్థకు నిలిచి, ఖండాంతరములకు ప్రాకెను. 1936లో మన దేశమున బెంగాలునందలి సాహాగంజ్ వద్దను ఆ పేరున టైర్ల కర్మాగారము వెలసెను. డన్లప్ డబ్లిన్ నగరమున నిరాడంబరముగా శేషజీవితము గడపి, 1921 అక్టోబరు 23వ తేదీన మరణించెను. గాలి టైరు పుట్టుకనుగూర్చి అతడు వ్రాసికొన్న గ్రంథము అతని మరణానంతరము అచ్చయ్యెను.

అతడు జీవించియుండగనే అతని ఊహ సైకిలును దాటి మోటారును చేరెను. 1895లో ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సోదరులు మోటారు పందెమున గాలి టైర్ల కారును నడిపిరి. 1899 ఏప్రిల్ 29వ తేదీన కమీ జెనాట్జీ అను బెల్జియం దేశీయుడు గంటకు నూరు కిలోమీటర్ల వేగమును దాటెను. భూమిపై ఏ కారును అంతకుముందు అంత వేగము పోలేదు. ఆ కారు గాలి టైర్లపై నడచెను; దానిని నడిపినది విద్యుత్తు. విద్యుత్ కారు క్రొత్తదని మనము తలంచుచున్నాము గాని, దానికిని గాలి చక్రమునకును నెయ్యము నూరేండ్లకు పైబడినది.

నేటి విద్యుత్ కారులో డన్లప్ ఎదుర్కొన్న చిక్కే మరల తలయెత్తినది. ఈ కారు నేల క్రింద పెద్ద బ్యాటరీ యుండును. దాని బరువు కొన్ని వందల కిలోగ్రాములు. బరువు క్రిందుగా నుండుటచే కారు మలుపులలో అంతగా ఒరగదు, ఇది మేలు. కాని ఆ బరువును మోయుటకు స్ప్రింగులు గట్టివి కావలెను. టైర్లలో గాలియు సాధారణముగా హెచ్చు ఒత్తిడితో నింపవలెను. గట్టి స్ప్రింగు, గట్టి టైరు చిన్న గతుకులను సులభముగా మ్రింగలేవు. పైగా ఇంజను రొద లేనందున, ఇదివరలో వినబడని టైరు చప్పుడు లోపలివారి చెవిని పడును. అందుచే కొందరు టైరు లోపల స్పంజివంటి మెత్తని పొరను అతికింతురు.

చక్రపు పరిమాణమునందు ఇంకొక వింత కలదు. పెద్ద చక్రము గతుకులను తేలికగా దాటునని పైన చెప్పుకొంటిమి. అట్లయిన కారునకు పెద్ద చక్రములు పెట్టినచో సుఖము హెచ్చవలెను గదా? సాధారణముగా అట్లు జరుగదు. కారు చక్రము మొత్తము ఎత్తు ఇంచుమించు మారదు. లోపలి లోహపు చక్రము పెరిగిన కొలది, చుట్టునున్న టైరు సన్నగిల్లును. టైరు ప్రక్కన వ్రాసియుండు అంకెలను చూచి బాలురే లెక్క కట్టవచ్చును. 205/55 ఆర్ 16 అనగా టైరు వెడల్పు 205 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 55 వంతులు, అనగా 113 మిల్లీమీటర్లు. లోహచక్రము 16 అంగుళములు. 225/40 ఆర్ 18 అను టైరునందు ప్రక్కగోడ 90 మిల్లీమీటర్లే. రెండు చక్రముల మొత్తము ఎత్తు లెక్కించినచో భేదము అర సెంటీమీటరు మాత్రమే. కాని రాతి దెబ్బను ఓర్చు గాలి పొర ఐదవ వంతు తగ్గినది. చూపునకు అందము పెరిగినది. వెన్నెముకకు సుఖము తగ్గినది.

లోహచక్రము బరువెక్కుటయు మంచిది కాదు. స్ప్రింగునకు క్రిందనుండు బరువు హెచ్చినచో, గతుకు తగిలినపుడు చక్రము ఎగిరి వెంటనే నేలకు రాజాలదు. ఆ దెబ్బ పైకి ప్రాకును. టైరు చిన్న కంకర అదురును ఆపవలెను. స్ప్రింగు గుంతల కుదుపును ఓర్వవలెను. ఊగిన స్ప్రింగు ఊగుచునే యుండకుండ షాక్ అబ్జార్బరు దానిని నిలుపవలెను. ఈ మూడును తమ తమ పని చేసిననే ప్రయాణము సుఖమగును. టైరు తన పని మానినచో, తక్కిన రెండును ఎంత మంచివైనను ఆ లోపమును పూర్తిగా పూరింపలేవు. గాలి తక్కువైనచో టైరు నలిగి వేడెక్కి చెడును. ఎక్కువైనచో రాయివలె గట్టిపడును. తయారు చేసినవారు చెప్పిన కొలత ప్రకారము గాలి నింపుట డబ్బు ఖర్చులేని వైద్యము.

విద్యార్థులారా! గాలి చక్రమును మొదట ఊహించిన గౌరవము థామ్సన్‌నకు చెందును. దానిని లోకమునకు వాడుక చేసిన గౌరవము డన్లప్‌నకు చెందును. ఒకరి కీర్తిని తగ్గించి మరియొకరికి పెట్టనక్కరలేదు. థామ్సన్ ఊహ నలువది యేండ్లు నిద్రించెను. దానిని మేల్కొల్పినది ఒక బిడ్డ మొర. డన్లప్ కోటీశ్వరుడు కాలేదు. ఆ మొరను వినినవాడుగా మాత్రము మిగిలెను. గనినుండి వచ్చు డంపరును గాని, గతుకుల బాటపై ఇంటికి పోవు కార్మికుని స్కూటరును గాని, చప్పుడు లేక సాగు విద్యుత్ కారును గాని మీరు చూచినపుడు ఒక్క క్షణము దాని చక్రములవైపు చూడుడు. బెల్‌ఫాస్ట్ పెరటిలో దొర్లిన ఆ కొయ్య చక్రము ఇంకను ఆగలేదని మీకు తోచును.